నా గొంతు ముందు నిలబడ్డ టీచర్

గచ్చిబౌలిలో మా ఆఫీసు తలుపుకు చెల్లని కార్డు చూపిస్తే కీచుమని ఓ చప్పుడు చేస్తుంది. మొన్న పొద్దున నా ముందున్న మనిషికి అదే జరిగింది. అతను నవ్వుకుంటూ ఇంకో జేబులోంచి ఇంకో కార్డు తీశాడు. నాకు మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ చప్పుడు వింటే అనసూయ టీచర్ గుర్తొస్తారు. వెనకవాళ్లు విసుక్కునేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు.

తొంభైల చివరి మాట. మాదాపూర్‌లో అప్పటికి ఇళ్లకంటే బండరాళ్లే ఎక్కువ. గుంటూరు నుంచి వచ్చి అక్కడొక చిన్న కంపెనీలో చేరాను. మా నాన్న ఏడాది గడువిచ్చారు. ఉద్యోగం నిలబడితే సరే, లేకపోతే తిరిగొచ్చి ఆయన చెప్పిన చోట టైపు కొట్టుకోవాలి. మాకు దొరికిన పని, సర్కారు బడి పిల్లలకు కంప్యూటర్ మీద ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే ప్రోగ్రాం తయారుచేయడం. పిల్లలు హెడ్‌ఫోన్లలో ఒక వాక్యం వింటారు. దాన్ని మైకులో తిరిగి చెబుతారు. కంప్యూటర్ రెండు గొంతుల్నీ పోల్చి, తేడా వస్తే కీచుమంటుంది. ఆ వాక్యాలు చదివిన గొంతు నాదే. కాన్వెంటులో చదివానన్న పొగరు అప్పట్లో నాకు బాగానే ఉండేది.

దాన్ని పరీక్షించి చూడటానికి గచ్చిబౌలి దాటాక ఉన్న ఒక సర్కారు బడి వాళ్లు ఒప్పుకున్నారు. అక్కడి ఇంగ్లీషు టీచరే అనసూయ గారు. ఆ చుట్టుపక్కల ఊళ్లోనే పుట్టి పెరిగిన మనిషి. నా పెట్టెల్నీ తీగల్నీ ఎగాదిగా చూసి, "ఇరవై ఏండ్ల సంది నాతోని కానిది నీ డబ్బాతోని అయితదా? కానీ, చూస్తం" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

పది కంప్యూటర్లు, పదిమంది ఏడో తరగతి పిల్లలు. పాఠం మొదలైన నిమిషానికి మొదటి చప్పుడు వచ్చింది. మంజుల అనే అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని లేచి నిలబడింది. ఏమైందమ్మా అంటే తల వంచుకుంది. తర్వాత ఇంకొకడు లేచాడు. తర్వాత ఇద్దరు. కాసేపటికి పదిమందీ నిలబడి ఉన్నారు, ఎదురుగా నా ప్రోగ్రాం ఎవరూ లేని కుర్చీలకు పాఠం చెప్పుకుంటోంది. ఆ బడిలో తప్పు చెప్పినవాళ్లు లేచి నిలబడాలి, టీచర్ చెప్పేదాకా కూర్చోకూడదు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

టీచర్ పిల్లల్ని కూర్చోబెట్టి, ఇళ్లకు పంపించి, నన్ను వరండాలోకి పిలిచారు.

"గీ అలవాటు నేనే చేసిన బిడ్డా. నన్ను జూసి నువ్వు మిషిన్‌కు నేర్పినట్టున్నది. కానీ నిలబెట్టుడు నేర్పినవ్, కూసోబెట్టుడు నేర్పలే. నేను లేకుంటే వాళ్లను ఎవరు కూసోమంటరు?"

"మరి తప్పని వాళ్లకెలా తెలుస్తుంది టీచర్ గారూ?"

"వాళ్ల గొంతు వాళ్లకే వినిపియ్యి. ఎన్ని సార్లయినా విననియ్యి. మంచిగ లేదంటే వాళ్లే మళ్ల చెప్తరు. ఆ సప్పుడు మాత్రం తీసెయ్."

మా బాస్ ప్రసాద్ గారికి ఈ మాట చెబితే కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "విద్యాశాఖ నుంచి ఆఫీసరు గారు వారంలో వస్తున్నారమ్మా. ఆయన బాగుందంటేనే మిగతా బళ్లకు వెళ్తుంది, లేకపోతే ఇక్కడితో సరి. తప్పు పట్టని యంత్రం ఎందుకండీ అని ఆయన అడిగితే ఏం చెబుతావు? చప్పుడు ఉండాల్సిందే. నీ ఉద్యోగం కూడా దాని మీదే ఉందని మరిచిపోకు."

వారమంతా తర్జనభర్జన పడి, చివరికి ఇద్దరినీ మంచి చేసుకోవాలని చూశాను. టీచర్ చెప్పినట్టు పిల్లలు తమ గొంతు తాము వినే ఏర్పాటు చేశాను, బాస్ చెప్పినట్టు చప్పుడూ ఉంచాను. బడికి వెళ్లి, "తీసేశాను టీచర్ గారూ" అని ఆమె మొహంలోకి చూస్తూ అబద్ధం చెప్పాను. "సల్లగుండు బిడ్డా" అని నా తల నిమిరారు.

ఆఫీసరు గారు వచ్చిన రోజు ప్రసాద్ గారు కూడా బడికి వచ్చారు. మంజుల వాక్యం చెప్పింది. కీచుమంది. ఆ పిల్ల నా వైపు, టీచర్ వైపు చూసి, మెల్లగా లేచి నిలబడింది. టీచర్ నావైపు ఒక్కసారే చూశారు. ఆ చూపులో కోపం ఉంటే తట్టుకునేదాన్ని. ఆమె నడిచి వెళ్లి పక్కన, ఆ రోజు బడికి రాని పిల్లవాడి ఖాళీ కుర్చీలో కూర్చున్నారు, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు, నా గొంతు విన్నారు, మైకులో అదే వాక్యం తన యాసలో స్పష్టంగా చెప్పారు. కీచుమంది.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని లేచి నిలబడ్డారు.

"మీరెందుకు నిలబడ్డారమ్మా?" ఆఫీసరు గారు అడిగారు.

"తప్పు చెప్పిన కద సార్. మా క్లాసుల గంతే. కూసోమన్న దాక నిలబడాలె."

"ఎవరనాలి?"

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. ప్రసాద్ గారు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నారు. నాకంటే రెండింతల వయసున్న మనిషి, ఇరవై ఏళ్లు ఇంగ్లీషు చెప్పిన మనిషి, నా గొంతుతో కలవనందుకు నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. సిగ్గుతో చచ్చిపోయాను. "ఆ చప్పుడు తీసేయమని టీచర్ గారు ముందే చెప్పారండీ. తీసేశానని నేనే అబద్ధం చెప్పాను" అన్నాను. తర్వాత ఆమె వైపు తిరిగి, కూర్చోండి టీచర్ అనబోయాను.

"నాకెందుకు, ముందుగాల ఆ పిల్లకు చెప్పు" అన్నారామె నెమ్మదిగా.

చెప్పాను. మంజుల కూర్చుంది. ఆ తర్వాతే టీచర్ కూర్చున్నారు.

ఆఫీసరు గారు అవునని అనలేదు, కాదని అనలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. మిగతా బళ్లకు మా ప్రోగ్రాం ఎప్పటికీ వెళ్లలేదు. అప్పట్లో రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తారీఖులు తప్పుతాయన్న గోల ఉండేది కాబట్టి, ప్రసాద్ గారు నన్ను తీసేయకుండా ఆ తారీఖులు దిద్దే పనిలో పడేశారు. మూడు వారాలు నాతో మాట్లాడలేదు.

ఒక ఆదివారం కూర్చుని చప్పుడు పూర్తిగా తీసేసి, మర్నాడు సెలవు పెట్టి ఆ ఒక్క బడికి తీసుకెళ్లి ఇచ్చాను. క్షమించమని అడగాలనుకున్నవన్నీ దారిపొడుగునా వల్లె వేసుకున్నాను. టీచర్ వరండాలో కూర్చుని నోటుపుస్తకాలు దిద్దుతున్నారు. ప్రోగ్రాం పెట్టాక లోపల పిల్లలు గోలగోలగా మాట్లాడుతున్నారు. మంజుల తన గొంతు తాను విని, పకపకా నవ్వి, అదే వాక్యం నాలుగోసారి చెబుతోంది.

"మీరు లోపలికి రారా?" అన్నాను.

"నేనుంటే నా దిక్కే చూస్తరు. నువ్వు గూడ బయటికి రా."

వచ్చి పక్కన కూర్చున్నాను. సగం నోటుపుస్తకాలు నా ఒళ్లో పెట్టారు. అబద్ధం సంగతి ఆమె ఎత్తలేదు. వల్లె వేసుకున్నదంతా పక్కనపెట్టి నేనూ దిద్దడం మొదలుపెట్టాను.

ఇప్పుడు నా కింద చాలామంది పనిచేస్తున్నారు. నేను మీటింగు గదిలోకి వెళితే కొత్తగా చేరినవాళ్లు గౌరవంతో లేచి నిలబడతారు. ఆ క్షణాన నాకు భయం వేస్తుంది. ఒక్కరు నిలబడి ఉన్నా కూర్చోమంటాను, అందరూ కూర్చునేదాకా గుమ్మంలోనే ఆగిపోతాను.