నెయ్యి తాగిన గొంగడి బిళ్ళలు

ఆ రోజుల్లో నాకు కుదురంటే ఏమిటో తెలియదు. చేతిలో పని లేకపోతే కాళ్లు ఊరుకునేవి కావు, కాళ్లు ఆగితే నోరు ఆగేది కాదు. దసరాకు మంథనిలో మా మేనమామ ఇంటికి వెళ్లినప్పుడు (మామ కూతురి కోసమే వెళ్లానని మామకు తప్ప అందరికీ తెలుసు) నా ఆత్రానికి తగిన పని దొరికింది. మామ దగ్గర లైసెన్సున్న తాతలనాటి మందు పిస్తోలు ఒకటుంది. ఏటా జమ్మి దగ్గర గుండు లేకుండా, ఉత్త మందు కూరి ఒక్కసారి పేల్చడం ఆ ఇంటి ఆనవాయితీ. కిందటేడు అది తుస్సుమంది. అప్పటి నుంచి వాడకట్టంతా మామను తుస్సు పటేల్ అంటోంది. ఈసారీ పేలకపోతే దాన్ని ఠాణాలో అప్పజెప్పేస్తానని మామ ఒట్టు పెట్టుకున్నాడు.

"మందు మంచిదే రా, అది జారకుండ మీద బిగించే ఉన్ని బిళ్ళనే సక్కగ లేదు" అన్నాడు దిగులుగా.

"నేను జేస్త మామా, ఫికర్ జెయ్యకు" అన్నాను. మామ ముందు నిలబడి అసలు మాట అడగాలంటే ముందు ఆయన పరువు నిలబెట్టాలి కదా! ఉన్ని బిళ్ళలను మైనం, కొవ్వు కలిపిన జిడ్డులో ముంచాలని ఫోన్‌లో చూశాను. కొవ్వు పేరెత్తితే అత్తమ్మ వంటింటి గడప తొక్కనివ్వదు కనుక నెయ్యి తీసుకున్నాను. ఉన్నికి పాత నల్ల గొంగడి ముక్క ఒక్కటే దొరికింది. ఇనుప గొట్టంతో కొట్టి బిళ్ళలు తీసి, నెయ్యీ తేనెమైనం కరిగించి ముంచి, పళ్ళెంలో ఆరబెట్టాను. ఆరాయా లేదా అని మాటిమాటికీ వెళ్లి వేలితో నొక్కుతుంటే అత్తమ్మకు విసుగొచ్చింది. "నన్ను పని జేస్కోనిస్తలేవు, జర బజార్ల తిరిగి రా పో" అని తరిమింది.

తిరిగొచ్చేసరికి పళ్ళెం ఖాళీ! ఆ రోజు సద్దుల బతుకమ్మ. నల్లగా, గుండ్రంగా, నెయ్యి వాసనతో ఉన్న వాటిని నువ్వుల బిళ్ళలనుకుని (పండుగకు నేనే చేశానని మురిసిపోయి) అత్తమ్మ సద్దుల డబ్బాలో పెట్టుకుని గోదావరికి వెళ్లిపోయింది. నేను పరుగెత్తాను. ఒడ్డున ఆడవాళ్లు అప్పటికే సద్దులు పంచుకుంటున్నారు. ఒక ముసలమ్మ దవడలు ఆడిస్తూ "ఏం బిళ్ళలే గివి, ఎంత నమిలినా అరుగుతలేవు" అంటోంది. "పాకం ముదిరినట్టున్నది" అని అత్తమ్మ సిగ్గుపడుతోంది. కొన్ని నోళ్లలో, మిగిలినవి బతుకమ్మతో పాటు నీళ్లలో. ఇక పిస్తోలు ఠాణాకు, నేను బస్‌స్టాండుకు అనుకున్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు మామ కూతురు పక్కకొచ్చి చున్నీ కొస ముడి విప్పింది. "ఇగో బావా. కొరికి సూస్తే గొంగడి వాసనొచ్చింది. నీ పనే అనుకుని దాసిన."

పండుగనాడు మామ ఆ పంటిగాట్ల బిళ్ళనే బిగించాడు. ఢామ్మని పేలింది! జమ్మి మీది పిట్టలన్నీ లేచిపోయాయి. మామ నా చేతిలో జమ్మి ఆకు పెట్టి గట్టిగా కౌగిలించుకుని "ఏం గావాల్నో అడుగు రా" అన్నాడు. పుట్టినప్పటి నుంచి ఊరుకోని నా నోరు సరిగ్గా అప్పుడే పడిపోయింది.

"ఏం అడుగుతడో నేను జెప్త బాపు" అంది వెనక నుంచి ఆమె.

ఇప్పటికీ సద్దులనాడు మా ఆవిడ మొదటి నువ్వుల బిళ్ళ నా చేతిలోనే పెడుతుంది. "ముందు నువ్వు నములు" అంటుంది. నేను గోదావరి గట్టున బుద్ధిగా కూర్చుని నములుతాను. ఎక్కడికీ పరుగెత్తను. ఆ నిలకడ లేని కుర్రాడే ఒక్కోసారి గుర్తొచ్చి, వాణ్ణి మళ్లీ ఒక్కసారి చూడాలనిపిస్తుంది.