గరికాయి తల్లికి చివరి స్నానం

గరికాయి తల్లి పోయిన కబురు తెలిసిన దగ్గర్నుంచి న్యారాయికి కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.

ఎలా ఆడతాయి! "నన్ను నువ్వే కడగాలే. పరాయి చేతులు నా ఒంటి మీద పడనివ్వకు" అని ఆ ముసలావిడ మాట తీసుకుని మరీ పోయింది. మా షోనా జాతి వాళ్ళలో ఆడమనిషి శవాన్ని ఆడవాళ్ళే కడగాలి, మగగాలి సోకకూడదు. న్యారాయి మగపిల్లాడిగా పుట్టిందని జొహానెస్‌బర్గ్ మొత్తంలో తెలిసింది ఆ పోయినావిడ ఒక్కదానికే. అన్నలు కర్రలు పుచ్చుకుని తరిమితే సరిహద్దులోని లింపోపో నది దాటి వచ్చిన మనిషికి తన గదిలో చాప పరిచింది, జడలల్లే పని నేర్పింది ఆవిడే.

శవాల గది ముందు ఆడవాళ్ళు నడుముకు గుడ్డలు చుట్టుకుని నిలబడ్డారు. న్యారాయి బకెట్ పట్టుకుని వాళ్ళ వెనకాల నక్కింది. అంతలో నది అవతలి బుహేరా నుంచి వచ్చిన బస్సు దిగి, పోయినావిడ చెల్లెలు సెకాయి రానే వచ్చింది. న్యారాయి పుట్టింది కూడా బుహేరాలోనే. ఇంకేముంది, పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏయ్ పొడుగుదానా, ఇలా రా. ఎవరి పిల్లవే నువ్వు?"

"ఇక్కడే... జడలు వేస్తాను పిన్నీ."

"జడల సంగతి ఎవరడిగారే! ఈ ముక్కు నాకు తెలుసు. మా ఊరి జివానాయిగాడి ముక్కు." ముసల్ది కళ్ళు చిట్లించింది. "జివానాయికి ఆడపిల్లలేరీ? అందరూ మగపిల్లలేగా!"

"అయితే ఇదెవరట?" అని ఒకావిడ మూతి తిప్పింది. బకెట్లో నీళ్ళు తొణికి న్యారాయి కాళ్ళ మీద పడ్డాయి. పారిపోదామంటే మాటిచ్చిందాయె.

"మీ వంశం గుర్తు ఏ జంతువు?" అంది సెకాయి.

"ఎలండ్ జింక."

ఆ వంశంలో మగాణ్ణి మ్హోఫు అని పిలవాలి, ఆడదాన్ని చిహేరా అనాలి. ముసల్ది ఇప్పుడు నోరు తెరిస్తే రెండింట్లో ఒకటి అని తీరాలి. మ్హోఫు అందో, ఈ గుమ్మం దాటనివ్వరు సరికదా, ఈ వీధిలో న్యారాయిని బతకనివ్వరు కూడా. ఈ పాడు లోకానికి బతికున్నవాళ్ళ కన్నీళ్ళు పట్టవు గానీ పట్టింపులు మాత్రం బోలెడు.

సెకాయి ఆ ముఖాన్నీ, గడ్డం కిందా తేరిపార చూసింది. తర్వాత మూతి తిప్పినావిడ వైపు తిరిగింది.

"జివానాయి తక్కువవాడా? వాడికి ఎక్కడెక్కడ ఎంతమంది పిల్లలున్నారో నీకేం తెలుసే! నిలబడ్డావేం చిహేరా? నీళ్ళు చల్లారిపోతున్నాయి. అక్క తల నువ్వు పట్టుకో."

లోపల గుడ్డ పిండుతూ, న్యారాయికి మాత్రమే వినబడేలా అంది, "మా జామచెట్టెక్కి కింద పడ్డావు, గడ్డం కింద ఆ మచ్చ అదేగా. నాకు తెలీదనుకున్నావా? సరే, అక్కని నువ్వు కడుగుతున్నావు. రేపు నిన్నెవరు కడుగుతారే?"

ఇన్నేళ్ళుగా న్యారాయిని నిద్రపోనివ్వని ప్రశ్న అదే.

"నాకు కబురు పెట్టమను," అంది ముసల్ది. "బస్సెక్కి వస్తా."