పెట్రొనెలె బతికుండగా కొట్టిన చెట్టు

మా మేనల్లుడు స్కిర్మంతస్ పేరు ఇప్పుడు రేడియోలో చెప్తున్నారు. నిప్పు చుట్టూ నిలబడి పాత దేవతల పాటలు పాడేవాళ్ళలో లిథువేనియా మొత్తం మీద వాణ్ణి మించినవాడు లేడట. వాడి గురించి అడగడానికి నగరం నుంచి కుర్రవాళ్ళు మా ఇంటికి వస్తారు. వాడి సంగతి తెలియాలంటే ముందు వాళ్ళమ్మ, మా వదిన పెట్రొనెలె సంగతి తెలియాలంటాను. అంతసేపు కూర్చునే ఓపిక వాళ్ళకి లేదు.

మా అన్నయ్యని సైబీరియాకి పట్టుకుపోయేనాటికి స్కిర్మంతస్ ఉయ్యాల్లో ఉన్నాడు. ఆ రోజు సైనికులు ఇల్లు సోదా చేస్తూ మా ఇంటి కాంక్లెస్‌ని విరగ్గొట్టారు. ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో మీటే తంతి వాయిద్యం అది, మా ముత్తాత చేసింది. అన్నయ్య అక్కడే పోయాడు. శవం ఇంటికి రాలేదు. వదిన ఆనాటితో పాట మానేసింది. అంతకుముందు అవిసె చేలో మేమిద్దరం పాడుతుంటే రోడ్డు మీద బళ్ళు ఆగేవి. మా పాటల్లో ఒక గొంతు ఇంకో గొంతు పక్కనే నిలబడి ఒరుసుకోవాలి, రెండు గంటలు ఒక్కసారే మోగినట్టు చెవి గుయ్యిమనాలి. తీయగా కలిసిపోయిందంటే తప్పు పాడినట్టే.

కాంక్లెస్‌కి చెక్క ఎప్పుడు పడితే అప్పుడు కొట్టరు. ఇంట్లో మనిషి పోయి, శవం గడప దాటకముందే చెట్టు కొట్టాలి. ఆ దుఃఖం చెక్కలోకి దిగితేనే దానికి గొంతు వస్తుంది. స్కిర్మంతస్ వాయించేది ఫ్యాక్టరీలో చేసింది. పెద్దవాళ్ళు విని, బాగుందిరా అబ్బాయ్, ఏడవడం లేదంతే, అనేవారు. ఆ మాట వాడికి ముల్లులా గుచ్చుకునేది.

చదువు కోసం నగరం వెళ్ళినవాడు అక్కడ పాత దేవతల మనుషుల్లో కలిశాడు. నడివేసవి పండక్కి దిబ్బ మీద మంట వేసి పాడటం సర్కారుకి గిట్టక, ఆఫీసర్లు పిలిపించి ప్రశ్నలేశారు. బడిలో ఉద్యోగం పోయింది. బాయిలర్‌లో బొగ్గు వేస్తూ బతికాడు, పాట మాత్రం వదల్లేదు. వదిన చర్చి మనిషి. నా కొడుకు రాళ్ళకి మొక్కుతాడని అందరి ముందూ అనేది, వాడు తంతి మీటితే లేచి అవతలికి పోయేది. అదే మనిషి రోజూ సాయంత్రం పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పి, ‘పడుకో గాబియా తల్లీ’ అని పాతకాలపు నిప్పు దేవతకి చెప్పేది. ఇదేమిటి వదినా అని ఒకసారి అడిగేశాను.

“నిప్పుకి పడుకోమని చెప్పడం మర్యాదే, మతం కాదు” అంది.

ఒక శరత్కాలంలో వదినకి ఊపిరితిత్తులు పట్టేసి ఆసుపత్రిలో చేర్చారు. కొన్నాళ్ళకి పోస్టాఫీసుకి ఫోనొచ్చింది, పెట్రొనెలె పోయిందని. అదే వార్డులో అదే పేరున్న ఇంకో ఆవిడ ఉందని మాకేం తెలుసు? చావింట్లో చేసినట్టే నేను అద్దం మీద గుడ్డ కప్పాను, గడియారం ఆపాను, కొవ్వొత్తి వెలిగించాను, శవానికి బల్ల సర్దాను. స్కిర్మంతస్ ఏడవలేదు. గొడ్డలి తీసుకుని నూతి దగ్గరికి వెళ్ళాడు. అక్కడ వదిన పెళ్ళయిన ఏడు నాటుకున్న లిండెన్ చెట్టు ఉంది. అది పూస్తే తేనెటీగల రొదకి పక్కమనిషి మాట వినిపించేది కాదు. పొద్దు వాలేసరికి నేల మీద ఉంది.

మర్నాడు పాల లారీ వచ్చి ఆగింది. అందులోంచి వదిన తన కాళ్ళ మీద తనే దిగింది, కాళ్ళకి ఆసుపత్రి చెప్పులు. లోపలికొచ్చి అద్దం చూసింది, కొవ్వొత్తి చూసింది.

“ఎవరు పోయారే దొమిత్సె?” అని నన్నడిగింది.

ఇంతలో స్కిర్మంతస్ రంపంతో గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయాడు.

“నువ్వేనమ్మా” అన్నాడు.

వదిన కిటికీలోంచి మోడు చూసింది. “తొందరపడ్డావురా” అని, అద్దం మీద గుడ్డ లాగేసి తల రుమాలు సర్దుకుంది. ఆ చలికాలమంతా వాడితో మాట్లాడలేదు.

ఆ చెట్టు కోసిన పలకలు అటకెక్కాయి. బతికున్న మనిషికి కొట్టిన చెక్కని ఏం చేయాలో ఊళ్ళో ఎవరికీ తెలియదు. పొయ్యిలో పెట్టకూడదు, చెక్కకూడదు. స్వాతంత్ర్యం వచ్చాక వాడి పాటకి జనం విరగబడ్డారు, టీవీలో చూపించారు. ఇంటికొచ్చినప్పుడల్లా వాడి కళ్ళు అటక మీదికి పోయేవి. వదిన అది చూసేది. నా చావు కోసం కాచుకున్నాడని చెప్పుకునేది. ఆ మాట వాడి చెవిన పడింది. రావడం తగ్గించేశాడు, తర్వాత ఏడాదికోసారయింది.

చివరికి వదినకి కాళ్ళు పడిపోయాయి. స్కిర్మంతస్ వచ్చి పొయ్యి పక్కన కూర్చుని బంగాళాదుంపల తొక్క తీస్తుంటే, మంచం మీంచి అంది:

“అటక మీదవి దించు.”

“వద్దమ్మా. నువ్వుండగా ముట్టుకోను.”

“నేను పోయాక ఏం వాయిస్తావో నాకెలా తెలుస్తుంది? ఇది మా అమ్మ గొంతని దేశమంతా చెప్పుకుంటావు. నేను వినద్దూ? దించరా.”

ఆ వేసవంతా వాడు ఆవిడ కిటికీ ముందే కూర్చుని చెక్కాడు. పూలమొక్కల్లో పొట్టు పోస్తున్నావని తిట్టింది, వంకరగా పడుతోందని తిట్టింది. తంతులు బిగించి తెచ్చి మంచం దగ్గర మీటాడు. మా వాళ్ళు చెప్పే ఏడుపు అందులో లేదు. మంద్రంగా, గరగరమని, ఆగకుండా మోగింది.

“ఏడుస్తుందనుకున్నాను. ఇది సణుగుతోందే” అంది వదిన.

“మరి నీదేగా” అన్నాను నేను.

ఆవిడ నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గాక అవిసె చేను పాట ఎత్తుకుంది. గొంతు చిరిగిపోయింది గానీ, సరిగ్గా తంతి పక్కన నిలబెట్టి ఒరుసుకునేలా పాడింది. రెండో గొంతు నేనందుకున్నాను. స్కిర్మంతస్ తల ఎత్తలేదు. మేం ఆపేదాకా వాయిస్తూనే ఉన్నాడు.

మంచు పడ్డాక వదిన పోయింది. ఈసారి నేనే చెయ్యి పట్టి చూశాను. ఫాదర్‌గారు జపం ముగించేదాకా వాడు గోడకి ఆనుకుని ఊరుకున్నాడు, శవపేటిక గడప దాటుతుంటే మీటాడు. ఫాదర్‌గారు టోపీ చేతిలో పట్టుకుని ఆగారు.

మోడు నుంచి లేచిన కొమ్మలు ఇప్పుడు ఇంటి కప్పు దాటాయి. తేనెటీగలు మళ్ళీ వచ్చాయి. ఆ చెట్టు నా చావుకి కొట్టాల్సిందని స్కిర్మంతస్‌కి చెప్పేశాను. ఫోన్లు నమ్మకు, వచ్చి నన్ను చేత్తో తాకి చూసుకో, అన్నాను. అలాగే అత్తా అన్నాడు. అయినా గొడ్డలి నా మంచం కిందే పెట్టుకున్నాను.