బీరువాలో ఉన్న డిస్కు

లినక్స్ కంప్యూటర్లు వాడేవాళ్ల ఆన్‌లైన్ గ్రూపుల్లో దీని గురించి ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఒకాయన నవ్వు బొమ్మ పెట్టి పోయాడు. ఇంకొకాయన "ఆ లైను తీసేయండి సార్, సరిపోతుంది" అన్నాడు. నేనడిగింది అది కాదు. ఇద్దరి పేర్లూ నాకు గుర్తున్నాయి.

దయ్యాలను నేను నమ్మను. తమ్ముడు సుధాకర్ పోయినప్పుడు, పిండం కాకి ముట్టలేదని గుసగుసలాడిన బంధువులను కసిరినవాణ్ణి.

ముదలియార్‌పేటలోని మా ఇంట్లో వాడి కంప్యూటర్ ఉంది. అందులో రెండు డిస్కులు. వైర్లు అటూ ఇటూ మారిస్తే సిస్టం వాటిని పిలిచే పేర్లూ మారిపోతాయి. అందుకని వాడే లేబుళ్లు పెట్టాడు. సిస్టం ఉన్నదానికి 'అమ్మ'. ఇంట్లో మా మాటలు రికార్డు చేసి దాచినదానికి 'అన్న'. ఆ రెండూ దొరికితేనే కంప్యూటర్ పూర్తిగా లేవాలని, ఆన్ చేయగానే అది చదివే ఫైల్లో ఒక లైను రాసిపెట్టాడు.

వాడు పోయాక వానకు పైకప్పు కారి 'అన్న' డిస్కు తడిసింది. మా ఊళ్లోనే సారం అనే పేటలో రిపేరు షాపతను దాన్ని చెవి దగ్గర ఊపి చూశాడు.

"పోయిందన్నా. తీసకపోయి సముద్రంలో కలిపేయ్" అని నవ్వాడు.

తమ్ముడి అస్థికలు కలిపిన సముద్రం అది. ఆ నవ్వు నేను మరచిపోలేదు.

డిస్కును గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను. అప్పటినుంచి కంప్యూటర్ ఆన్ చేస్తే 'అన్న' కోసం చూస్తున్నట్టు తెరమీద వస్తుంది. కాసేపటికి దొరకలేదని ఆగిపోతుంది. ఫైల్లో ఆ లైను తీసేస్తే మామూలుగా లేస్తుందని నాకూ తెలుసు. చేతులు రాలేదు. రోజూ ఆన్ చేసేవాణ్ణి. ఎందుకంటే అమ్మ రోజూ అడిగేది.

"వాడి గొంతు యాడ పెట్నావురా? మొగం గుర్తుండాది. గొంతే మర్చిపోతా ఉండా."

ఒక మధ్యాహ్నం అమ్మ అన్నం తింటోంది. ఎప్పటిలాగే ఆన్ చేశాను. ఈసారి ఆగలేదు. పూర్తిగా లేచింది. 'అన్న' దొరికినట్టు చూపించింది. అందులో ఒక ఫైలు నొక్కాను.

"మా, అన్న తిన్న్యాడా? అలిగుంటాడు. నువ్వే పోయి పిలువు."

తమ్ముడి గొంతు. అమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"వాడు ఈడనే ఉండాడు. నువ్వు రా నాయినా" అంది.

కంప్యూటర్ పక్క రేకు ఊడదీశాను. ఆ డిస్కు చోటు ఖాళీ. వైరు వేలాడుతోంది. పరుగున వెళ్లి బీరువా తెరిచాను. డిస్కు గుడ్డలోనే ఉంది, చల్లగా. తిరిగి వచ్చేలోగా కరెంటు పోయింది.

ఆ లేబుల్ ఇంకెక్కడైనా ఉందేమోనని ఇంట్లోని పెన్ డ్రైవులతో సహా అన్నీ వెతికాను. లేదు. కంప్యూటర్ మళ్లీ ఎప్పటిలాగే 'అన్న' కోసం చూసి ఆగిపోతోంది. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నాకు ఈనాటికీ తెలియదు.

అమ్మ ఇప్పుడు కంచం పట్టుకుని ఆ తెర ముందే కూర్చుంటుంది. గొంతు వినిపిస్తేనే తింటానంటుంది. సగం రోజులు అన్నం కంచంలో అలాగే ఉండిపోతోంది. మనిషి చిక్కి సగమైంది.

గ్రూపులవాళ్లను ఇక అడగను. సుధాకర్, నువ్వు పోయిన రోజు నేను ఎన్ని ఫోన్లు చేసినా ఎత్తలేదు. అదీ నేను మరచిపోలేదు. నాకు జవాబు చెప్పకపోతే పోనీ. అమ్మ తినడం లేదురా. అమ్మకైనా పలుకు.