తెల్లజీపు దయ్యం

నా అంత తెలివైనవాడు గద్వాల చుట్టుపక్కల దొరకడు. బడికి తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళను దయ్యాలనుకుని దాక్కున్నాను. మొన్న మానవపాడు దగ్గర నర్సింలు మామ పత్తిచేలో పురుగుమందు వాసన తగలగానే అదంతా మళ్ళీ గుర్తొచ్చింది.

పదేళ్ళప్పుడు అదే చేలో, విత్తనపత్తి పూలకు పుప్పొడి అద్దే కూలికి పోయేవాడిని.

"తెల్లజీపుల దయ్యం తిరుగుతుందిరా, పోరగాండ్లను ఎత్తుకపోతది," అనేవాడు మామ.

"ఎత్తుకపోయి ఏం జేస్తది మామా?"

"గదిల ఏసి పొద్దుగూకేదాక ఇడువది!"

ఓ రోజు జీపు రానే వచ్చింది. సాళ్ళ మధ్య బోర్లా పడుకున్నాను. చీమలు కుడుతున్నాయి.

"ఎవరన్నా ఉన్నరా బిడ్డా? బడికి పోదాం రా," ఒక ఆడగొంతు పిలిచింది.

దయ్యాలు ఇలాగే ముద్దుగా పిలుస్తాయని ఊపిరి బిగబట్టాను. జీపు వెళ్ళిపోయింది, నా ఐదో తరగతిని వెంటబెట్టుకుని.

వణికింది నేనే గానీ, ఆ భయం మామది: పిల్లలతో పని చేయిస్తే కేసవుతుందని. నన్ను పట్టింది దయ్యం కాదు, పత్తి. ఆలస్యంగా చదువుకుని, ఇప్పుడు పిల్లలను బడికి చేర్చే ఉద్యోగంలో ఆ జీపులోనే తిరుగుతున్నాను.

మొన్న ఆ సాళ్ళలో ఇద్దరు పిల్లలు బోర్లా పడుకుని కనిపించారు. మేం దయ్యాలం కాదంటే నమ్మరు కదా! మామ చూస్తుండగానే ముందు సీట్లో కూర్చోబెట్టి, ఊరంతా తిరిగేదాకా హారన్ వాళ్ళకే వదిలేశాను.