పక్కింటికి కరెంటు అమ్మే పని

మా సోలార్ కంపెనీకి రెగ్యులేటరీ శాండ్‌బాక్స్‌లో చోటు దొరికింది. అంటే కొత్త పద్ధతిని పరీక్షించడానికి కొన్నాళ్లు నిబంధనలు సడలిస్తారు. మా పరీక్ష, ఇంటిమీద మిగిలిన సోలార్ కరెంటును నేరుగా పక్కింటికి అమ్మించడం. ఇవాళ జనవాడ అనే ఊళ్లో, ఇంటిమీద మా సోలార్ పలకలు పెట్టించుకున్న నర్సమ్మక్క ఇంట్లో కూర్చుని, ఆమె ఇచ్చిన చాయ్ తాగుతూ ఇదంతా వివరించాను.

"పక్కింటోళ్లు పెరుగు తోడు అడిగితే పైసలు తీసుకుంటమా తమ్మీ? కరెంటుకెట్ల తీసుకుంట?" అన్నది.

"అది వేరు అక్కా. కరెంటు ఉత్తగ ఎవరిస్తరు?" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా.

ఆమె కిటికీలోంచి బయటికి వేలాడుతున్న వైరు వైపు చూసింది. దాని చివర, వచ్చీరాగానే నేను అడిగి చార్జింగ్ పెట్టుకున్న నా ఎలక్ట్రిక్ స్కూటర్ ఉంది.

"బండి నిండిందేమో చూస్కో తమ్మీ," అన్నది నెమ్మదిగా.

ఈ పరీక్ష రిపోర్టులో జనవాడ మొదటి వినియోగదారుడిగా నా పేరు రాయాలా వద్దా, మీరే చెప్పండి.