కేకు కాదు, కాక

కాక పోయాడని కోచ్ సార్ ఫోన్ చేసినప్పుడు నేను ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్నాను. శుక్రవారం ఆట కోసం పొద్దున్నే మైదానంలో సున్నం గీతలు గీస్తూ, మూడు వైపులా పూర్తి చేసి, కాసేపు నీడలో కూర్చున్నాడట. మళ్ళీ లేవలేదు. ఇన్నేళ్ళ నర్సు ఉద్యోగంలో ఇలాంటి కబురు ఎందరికో నేనే చెప్పాను. నా దాకా వచ్చేసరికి సార్‌ను మళ్ళీ చెప్పమని అడిగాను.

మీకు కాక ఎవరో చెప్పాలి. నిర్మల్ వైపు మనిషి. బర్కాలో ఖర్జూర తోట పనికని ఒమన్ వచ్చి, తోట పక్కనున్న ఆటస్థలాన్ని చూసుకునే పనిలో కుదురుకున్నాడు. అక్కడ ఐర్లండ్ వాళ్ళు శుక్రవారాలు తమ దేశపు ఆట ఆడతారు. కర్రలతో బంతిని కొట్టే ఆట. దెబ్బలు తగిలితే కట్టు కట్టడానికి నన్ను పిలిచేవారు. మొదటి రోజే కాక నాకు కుర్చీ వేసి, "బిడ్డా, గీ చిర్రగోనె దూరంకెల్లి జూడు. పండ్లు రాల్తయ్" అన్నాడు. ఎంత చెప్పినా ఆయనకు అది చిర్రగోనే, అంటే మా కర్రాబిళ్ళే.

మాది భీమవరం. ఆయన వైపు కాక అని పిలిచే చిన్నాన్నను మేం బాబాయ్ అంటాం. మాకు కాకా పట్టడమంటే పని జరగడానికి ఒకర్ని పొగడటం. "నువ్వెవర్నీ కాకా పట్టవు కదా, నీకా పేరేంటి?" అని ఏడిపించేదాన్ని. "నాకు తాడు వట్టుడే వస్తది బిడ్డా" అనేవాడు. తాడు లాగి కట్టి, ఒక కన్ను మూసి చూసి గీత గీశాడంటే స్కేలు పెట్టి గీసినట్టే. "గీత సక్కగుంటే సగం లొల్లి ఉండది" అనేది ఆయన మాట. మిగతా సగం లొల్లి కూడా ఆయనే తీర్చేవాడు. బంతి లోపల పడిందో బయట పడిందో కాక చెబితే ఇక ఎదురు మాట లేదు. తండ్రి లేని నన్ను ఈ దేశంలో "తిన్నవా?" అని అడిగిన మనిషి కూడా ఆయనొక్కడే.

కిందటేడు ఆ ఐర్లండ్ వాళ్ళ కోచ్ సార్‌కు పెద్ద గౌరవం దక్కింది. ఆటలకే జీవితం ఇచ్చినవాళ్ళకు ఐర్లండ్ దేశం తరఫున ఇచ్చే లైఫ్‌టైమ్ అవార్డు. "లైఫ్‌టైమ్ అంటే సిమ్ లెక్కనా? ఇగ మల్ల రీచార్జ్ అక్కర్లేదా?" అన్నాడు కాక. నవ్వలేక చచ్చాను. అవార్డు ఇచ్చే సభకు ఐర్లండ్ వెళ్తూ, అక్కడ వేదిక మీద కాక గురించి చెబుతానని, ఆయన పూర్తి పేరు కనుక్కోమని సార్ నన్ను అడిగారు. కాక ఒప్పుకోలేదు. "పాస్‌పోర్ట్ పేరు గాల్లకెందుకు? కాక అని చెప్పమను. నేను ఎర్కైనోళ్ళందరికీ గదే నా పేరు."

ఆ సభ అయిన తర్వాతి శుక్రవారం ఆటగాళ్ళలో ఒకరి ఫోన్‌కు దాని వీడియో వచ్చింది. కాక చేతులు కడుక్కుని, చొక్కా సరిచేసుకుని నా పక్కన కూర్చున్నాడు. "ఒమన్‌లో మా మైదానానికి గీతలు గీసే మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు కాక" అని సార్ ఇంగ్లీషులో అనగానే సభంతా ఘొల్లున నవ్వింది. వీడియో అక్కడితో అయిపోయింది.

"నన్ను జూసి నవ్విండ్రా బిడ్డా?"

 సార్ మీద ఒళ్ళు మండింది. ఆ రోజు నుంచి కాక ఆట క్లబ్బు వాళ్ళిచ్చిన టీషర్టు వేసుకోలేదు. గీతలు గీసి, ఆట మొదలవకముందే తోటలోకి వెళ్ళిపోయేవాడు. లోపలా బయటా అని జనం కొట్టుకున్నా వచ్చేవాడు కాదు.

సార్ తిరిగొచ్చిన రోజే నిలదీశాను. "ఆయన్ని అంతమందిలో నవ్వులపాలు చేశారు!" సార్ తెల్లబోయారు. తర్వాత నుదురు కొట్టుకుని, సంచిలోంచి వాళ్ళ అక్క పంపిన కేకు తీశారు. "సిస్టర్, మా ఐరిష్ భాషలో దీన్ని 'కాక' అంటారు. వాళ్ళు నవ్వింది అందుకు. మిగతా వీడియో చూడలేదా?"

కాకను తోటలోంచి లాక్కొచ్చాను. సార్ ఫోన్‌లో వీడియో మొత్తం ఉంది. నవ్వు ఆగేదాకా ఆగి, సార్ అన్నారు: "కేకు కాదు. ఆయన భాషలో ఆ మాటకు చిన్నాన్న అని అర్థం. నా ఆటంతా ఇప్పుడు ఆయన గీసిన గీతల మధ్యే." సభలో అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

కాక కళ్ళు చిట్లించాడు. "అందరు లేసిండ్రేంది? అయిపోయిందా?"

"నీ కోసం లేచారు కాకా."

 కాక కేకు తనే కోసి అందరికీ పంచాడు. "తినుండ్రి. కాక వెడ్తున్న కాక." మరుసటి శుక్రవారం టీషర్టు ఉతికి వేసుకొచ్చాడు.

కాకను ఉంచిన పెట్టె ఊరికి వెళ్ళేనాడు కాగితాల మీద పాస్‌పోర్ట్ పేరే ఉంది. సార్ దాన్ని రెండుసార్లు చదువుకుని, ఇదెవరు అన్నట్టు నా వైపు చూశారు. "కాకే" అన్నాను.

ఆ వారం ఆట రోజున మైదానంలో కాక గీసిన మూడు గీతలే ఉన్నాయి. ఆయన తాడు ముట్టుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు. చివరికి సార్ వంగి, ఆయాసపడుతూ నాలుగోది గీశారు. మధ్యలో ఆగి, ఒక కన్ను మూసి చూసి, "కాకా, బాగుందా?" అని అడిగారు. బాగాలేదు. గీత పాములా మెలికలు తిరిగింది. ఆ రోజు బంతి మూడుసార్లు సరిగ్గా ఆ గీత దగ్గరే పడింది. ఎవరూ లొల్లి చేయలేదు.